వృక్షశాస్త్ర ఉద్యానం: సారథ్యం, ప్రజాసంబంధం

వాడుకలో బొటానికల్ గార్డెన్ అనే వృక్షశాస్త్ర ఉద్యానం, సజీవమైన మొక్కలను వాటి పుట్టుపూర్వోత్తరాల నమోదుతో సహా పెంచి, పరిశోధనకు, సంరక్షణకు, ప్రదర్శనకు, విద్యకు వినియోగించే సంస్థ. చూపులకు పార్కులాగే ఉంటుంది. తేడా అంతా చెట్టుకు కట్టిన బిళ్లలోనూ, ఆ బిళ్ల మీది అంకె ఏ రిజిస్టరులో ఉందన్నదానిలోనూ ఉంది. పార్కులో వేపచెట్టు వేపచెట్టే. ఉద్యానంలో అది ఫలానా అడవిలో, ఫలానా రోజున, ఫలానావారు ఏరి తెచ్చిన గింజ. ఇలాంటి తోటలు నేడు ప్రపంచంలో 3 వేలకు పైగా ఉన్నాయి.

వీటిని నడిపేవారి హోదా దేశాన్నిబట్టీ కాలాన్నిబట్టీ మారింది. లైడెన్‌లో ప్రిఫెక్ట్ అన్నారు, కలకత్తాలో సూపరింటెండెంట్ అన్నారు, క్యూలో డైరెక్టర్ అన్నారు. పేరు ఏదైనా వారి ముందుకు మళ్లీ మళ్లీ వచ్చిన ప్రశ్న ఒకటుంది: తోట గేటు ఎవరికి తెరవాలి, ఎంతమేర తెరవాలి? ఒకప్పుడు వైద్య విద్యార్థికి, ఆ తరవాత రాజుకు, కంపెనీకి, చివరికి సామాన్యుడికి అది తెరుచుకుంటూ వచ్చింది. మొక్కల గురించి జనానికి చెప్పడం ఈ తోటలు ఆలస్యంగా తలకెత్తుకున్న పని. జనం దగ్గర తెలుసుకోవడం మాత్రం మొదటి రోజు నుంచీ ఉంది.

ఆవిర్భావం

తొలి ఉద్యానాలు 1540లలో ఇటలీలో, విశ్వవిద్యాలయాలకు అనుబంధంగా వెలిశాయి. పీసాలో లూకా గీనీ ఒకటి నెలకొల్పాడు. 1545లో మొదలైన పాదువా తోట మొదట ఉన్న చోటనే నేటికీ ఉంది. 1997లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వైద్యం చదివేవారు అసలు మూలికకూ నకిలీకీ తేడా కళ్లారా చూసి గుర్తుపట్టాలన్నది ఈ తోటల ఉద్దేశం. మందుమొక్కలకు మంచి ధర పలికే రోజులు కావడంతో పాదువాలో రాత్రిపూట దొంగతనాలు పెరిగాయి. దాంతో తోట చుట్టూ గుండ్రటి గోడ కట్టారు. ఆ గోడ నేటికీ ఆ తోటకు గుర్తు.

లైడెన్ తోట 1590 నాటిది. అక్కడికి 1593లో వచ్చిన కరోలస్ క్లూసియస్ మూలికలతో సరిపెట్టుకోక, దేశదేశాల దుంపలూ పూలమొక్కలూ చేర్చాడు. ఐరోపాలో తులిప్ సాగుకు ఆయన పేరే ముందు చెబుతారు. లండన్ మందుల వ్యాపారులు 1673లో స్థాపించిన చెల్సీ తోటకు హాన్స్ స్లోన్ 1722లో ఒక షరతు పెట్టాడు: తోటలో పెరిగిన మొక్కల ఎండు నమూనాలు ఏటా 50 చొప్పున రాయల్ సొసైటీకి అందజేయాలి. తోట పని జరుగుతోందని చూపించే లెక్క అది. అదే ఏడాది అక్కడ ప్రధాన తోటమాలిగా చేరిన ఫిలిప్ మిల్లర్ దాదాపు అర్ధశతాబ్దం ఆ పదవిలో ఉండి, విత్తనాల మార్పిడితో చెల్సీకి పేరు తెచ్చాడు.

లండన్ శివారులోని క్యూ తోట 1759లో రాజకుటుంబపు తోటగా మొదలైంది. 1840లో ప్రభుత్వం దాన్ని చేపట్టగా, 1841లో విలియం జాక్సన్ హుకర్ తొలి డైరెక్టర్ అయ్యాడు. గేటు బార్లా తెరవడమే ఆయన ఎత్తుగడ. తాటి జాతుల కోసం పెద్ద అద్దాల ఇల్లు కట్టించాడు, మొక్కల నుంచి తయారయ్యే సరుకులతో 1847లో ప్రదర్శనశాల పెట్టాడు. 1841లో ఏడాదికి 9 వేలకు కాస్త పైగా ఉన్న సందర్శకులు, ఆయన కన్నుమూసిన 1865 నాటికి 5 లక్షలు దాటారు. జనాదరణ చూసి పార్లమెంటు నిధులివ్వడానికి వెనకాడలేదు.

తరవాత పగ్గాలు పట్టింది ఆయన కొడుకు జోసెఫ్ డాల్టన్ హుకర్. తండ్రి తెరిచిన గేటుకు కొడుకు వేళలు పెట్టాడు. ఉదయం శాస్త్రవేత్తలది, మధ్యాహ్నం నుంచే జనానిది అని పట్టుబట్టాడు. ఊరివారు ఉదయం కూడా రానివ్వాలని ఉద్యమించినా లొంగలేదు. 1870ల మొదట్లో ప్రభుత్వ నిర్మాణ శాఖను చూసే మంత్రి ఏర్టన్ తోట వ్యవహారాల్లో జోక్యం చేసుకోబోతే, హుకర్ పక్షాన డార్విన్ వంటి శాస్త్రజ్ఞులు నిలిచారు. తండ్రికి జనం అండ, కొడుక్కి పండితుల అండ. ఉద్యాన సారథ్యానికి నాటికీ నేటికీ ఈ రెండు దారులే ఆనవాయితీగా ఉన్నాయి.

వలస పాలనలో తోటలు

19వ శతాబ్దంలో క్యూ ఒక కూడలిగా, వలస దేశాల తోటలు కొమ్మలుగా పనిచేశాయి. శ్రీలంకలో పెరదేనియ తోట 1821లో, సింగపూర్ తోట 1859లో ఏర్పడ్డాయి. బ్రెజిల్ రబ్బరు గింజలు క్యూలో మొలకెత్తి, ఆ మొక్కలు 1877లో సింగపూర్ చేరాయి. 1888లో అక్కడ బాధ్యత తీసుకున్న హెన్రీ నికొలస్ రిడ్లీ, చెట్టు చావకుండా బెరడు గీసి పాలు తీసే పద్ధతిని కనిపెట్టాడు. కాఫీ తోటల యజమానులను రబ్బరు వేయమని వెంటపడి అడిగేవాడు. ఆయనకు పిచ్చి రిడ్లీ అనే పేరు కూడా పెట్టారు. కాఫీ దెబ్బతిని, మోటారు వాహనాల టైర్లకు గిరాకీ వచ్చాక మలయా ఆర్థిక వ్యవస్థే రబ్బరు మీద నిలిచింది. ఒక తోట అధిపతి పట్టుదల దేశం నేలనే మార్చిన ఉదాహరణ ఇది. ఆ మార్పులో అడవులు నరికి తోటలు వేయడమూ, కూలీల వలసా ఉన్నాయి. సింగపూర్ తోట 2015లో ప్రపంచ వారసత్వ స్థలమైంది.

కలకత్తా తోట అధిపతులు

హుగ్లీ ఒడ్డున హావ్‌డా శిబ్‌పుర్‌లో ఉన్న తోటను స్థానికులు చాలాకాలం కంపెనీ బాగాన్ అన్నారు. 1787లో ఈస్టిండియా కంపెనీ సైనికాధికారి రాబర్ట్ కిడ్ దీన్ని స్థాపించాడు. 1770 బెంగాల్ కరువు జ్ఞాపకం ఇంకా పచ్చిగానే ఉంది. కరువులో ఆదుకునే సగ్గుబియ్యపు చెట్లూ ఖర్జూరాలూ, ఓడలకు టేకు, వాణిజ్యానికి సుగంధద్రవ్యాలు పెంచాలన్నది ఆయన ప్రతిపాదన. టేకూ మసాలా మొక్కలూ ఆ నేలలో కుదరలేదు.

1793లో కిడ్ మరణించాక వచ్చిన విలియం రాక్స్‌బరో తోటను శాస్త్రం వైపు మళ్లించాడు. భారతీయ చిత్రకారులతో 2,500కు పైగా మొక్కల బొమ్మలు వేయించాడు. తోటలోని మొక్కల జాబితాను ఆయన మిత్రుడు, శ్రీరాంపూర్ మిషనరీ విలియం కేరీ 1814లో అచ్చువేయించాడు.

తరవాత చాలాకాలం అధిపతిగా ఉన్న నథానియెల్ వాలిక్ అనారోగ్యంతో సెలవుపై వెళ్లినప్పుడు, 1842 నుంచి 1844 వరకు విలియం గ్రిఫిత్ తాత్కాలికంగా బాధ్యత చూశాడు. మొక్కలు కుటుంబాలవారీగా వరుసలో ఉండాలన్న శాస్త్రపు పట్టింపుతో ఆయన పాత చెట్లను, నీడ దారులను తీయించేశాడు. ఆ తరవాత నాలుగేళ్లకు వచ్చిన జోసెఫ్ హుకర్ తోట స్థితి చూసి తీవ్రంగా విమర్శించాడు. వారసుడు సరిదిద్దలేని మార్పు చేయకూడదన్న పాఠానికి ఉద్యాన చరిత్రలో ఈ ఉదంతాన్నే చెబుతారు.

1864, 1867 తుఫానులు మిగిలిన చెట్లను కూల్చాయి. 1871లో వచ్చిన జార్జ్ కింగ్ చెరువులు తవ్వించి, ఆ మట్టితో నేల ఎత్తుపల్లాలు తీర్చి, తోటను దాదాపు కొత్తగా కట్టాడు. 1890లో ఏర్పడిన బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియాకు ఆయనే తొలి డైరెక్టర్. బెంగాల్ సింకోనా తోటల పర్యవేక్షణ కూడా ఆయనదే. సింకోనా బెరడు నుంచి అక్కడ తయారైన మలేరియా మందు క్వినైన్‌ను ఒక పైసాకు ఒక పొట్లం చొప్పున పోస్టాఫీసుల్లో అమ్మించే ఏర్పాటు ఆయన హయాంలోనే మొదలైంది. తోట గేటు దాటి రాని పల్లెవాడి ఇంటికి తోట ఫలం ఆ విధంగా చేరింది.

1937లో కాలీపద బిశ్వాస్ తొలి భారతీయ సూపరింటెండెంట్ అయ్యాడు. స్వాతంత్ర్యం తరవాత, 1950ల ఆరంభంలో, బొటానికల్ సర్వేను పునర్వ్యవస్థీకరించే పనికి నెహ్రూ ఇంగ్లండ్ నుంచి వృక్షశాస్త్రజ్ఞురాలు ఇ.కె. జానకి అమ్మాళ్‌ను పిలిపించాడు. 1963లో తోట సర్వే అధీనంలోకి వచ్చింది. 2009లో ఆచార్య జగదీశ్ చంద్ర బోస్ పేరు పెట్టారు. 270 ఎకరాలకు పైబడిన ఈ తోటకు జనం ముఖ్యంగా వచ్చేది మహా మర్రిని చూడటానికే. బూజు తెగులు సోకిన దాని అసలు మానును 1925లో తొలగించారు. ఊడల మీదే చెట్టు బతుకుతోంది.

లాల్‌బాగ్ నమూనా

శాస్త్రానికి కలకత్తా పేరు చెబితే, జనానికి బెంగళూరు లాల్‌బాగ్ పేరు చెప్పాలి. 1760లో హైదర్ అలీ వేయించిన ఈ తోటను టిప్పు విస్తరించాడు. 1856లో ప్రభుత్వ బొటానికల్ గార్డెన్ అయింది. జాన్ కేమరాన్ హయాంలో, 1889లో, అద్దాల మందిరానికి పునాది పడింది. క్యూలో పనిచేసి వచ్చిన జర్మన్ జి.హెచ్. క్రుంబీగల్ 1908 నుంచి తోటను చూశాడు. ఒక జాతి పూత ముగిసేసరికి ఇంకోటి పూసేలా బెంగళూరు వీధుల్లో చెట్లు నాటించిన ఘనత ఆయనకు ఇస్తారు. తోటను చూడటానికి జనం రావడం ఒక పద్ధతి. తోటే వీధుల్లోకి నడిచి వెళ్లడం క్రుంబీగల్ పద్ధతి.

ఆయన తరవాత హెచ్.సి. జవరాయ, అటుపై ఎం.హెచ్. మరిగౌడ వచ్చారు. మరిగౌడ జిల్లాల్లో ఉద్యాన క్షేత్రాలు, నర్సరీలు నెలకొల్పి, రైతుకు మేలురకం అంట్లు అందే ఏర్పాటు చేశాడు. గణతంత్ర దినోత్సవానికీ స్వాతంత్ర్య దినోత్సవానికీ జరిగే పూల ప్రదర్శనలకు లక్షల మంది వస్తారు. చిత్తూరు, అనంతపురం వైపు నుంచి బెంగళూరు వెళ్లే తెలుగువారికి లాల్‌బాగ్ తప్పనిసరి మజిలీ.

సారథి చేయవలసిన పనులు

మొదటిది లెక్క. తోటలోకి వచ్చే ప్రతి గింజకూ అంటుకూ ప్రవేశ సంఖ్య ఇచ్చి, ఎక్కడిది, ఎవరు తెచ్చారు, ఎప్పుడు నాటారు, ఎప్పుడు చచ్చింది అన్నవి రాస్తారు. చచ్చిన మొక్క వివరమూ విలువైనదే. తరవాతివారు అదే పొరపాటు చేయకుండా కాపాడుతుంది. అడవి చిరునామా తెలియని మొక్క అందానికి పనికొస్తుంది గాని, ఆ జాతిని తిరిగి అడవిలో నాటాలన్నప్పుడు అంతగా అక్కరకు రాదు.

రెండోది దూరపు చూపు. నేడు నాటిన చెట్టు నీడను చూసేది మూడో తరం డైరెక్టర్. అందుకే అనుభవజ్ఞులు ఒకే మొక్క మీద భరోసా పెట్టుకోరు. అరుదైన జాతిని రెండు మూడు తోటల్లో పంచి ఉంచుతారు, విత్తనం దాస్తారు. క్యూ ఆధ్వర్యంలో 2000లో వేక్‌హర్స్ట్‌లో ప్రారంభమైన సహస్రాబ్ది విత్తన నిధిలో దాదాపు 40 వేల జాతుల విత్తనాలు ఉన్నాయి.

మూడోది మనుషులు. మొక్క వాడిపోతోందని ముందుగా పసిగట్టేది నీళ్లుపట్టే చేతులే. వయనాడులో 1981లో వోల్ఫ్‌గాంగ్ థాయర్‌కాఫ్ మొదలుపెట్టిన గురుకుల వృక్ష అభయారణ్యంలో మొక్కల సంరక్షణ చాలావరకు చుట్టుపక్కల ఊళ్ల మహిళలదే. పశ్చిమ కనుమల అరుదైన ఫెర్నులు, ఆర్కిడ్‌లు వారి చేతుల మీదుగా బతుకుతున్నాయి.

నాలుగోది చట్టం. ఒకప్పుడు మొక్కను ఏ దేశం నుంచైనా తెచ్చుకునేవారు. 1992 జీవవైవిధ్య ఒప్పందం తరవాత జన్యు వనరులపై ఆయా దేశాలకే హక్కు. మన దేశంలో 2002 నాటి జీవవైవిధ్య చట్టం, వాడకం వల్ల వచ్చే లాభంలో స్థానికులకు వాటా ఉండాలంటుంది.

జనాన్ని చేరువ చేసే మార్గాలు

పక్షి ఎగిరితే చూసే కన్ను, అది వాలిన చెట్టును పట్టించుకోదు. అమెరికన్ పరిశోధకులు వాండర్సీ, షుస్లర్ 1990ల చివర ఈ ధోరణికి మొక్కల అంధత్వం అని పేరుపెట్టారు. చూపులేనివారిని కించపరిచే మాటని ఇప్పుడు కొందరు దాన్ని మానేసి, మొక్కల పట్ల ఎరుక లేమి అంటున్నారు. ఉద్యానాల ప్రజా కార్యక్రమాలన్నీ ఈ లేమిని తగ్గించడానికే.

చేతికి మట్టి అంటితే మొక్క గుర్తుంటుంది. న్యూయార్క్ బ్రూక్లిన్ తోటలో 1914లోనే పిల్లల కోసం వేరుగా తోట పెట్టారు. పిల్లలే విత్తి, కలుపు తీసి, పండినవి ఇంటికి తీసుకెళ్తారు. ఒక శతాబ్దం దాటినా అది సాగుతోంది. అదే తోటలో 1955లో చూపులేనివారి కోసం వాసనతోనూ స్పర్శతోనూ తెలుసుకునే సుగంధవనం ఏర్పాటైంది.

దక్షిణాఫ్రికాలో 1913లో మొదలైన కిర్‌స్టెన్‌బాష్ తోట ఇంకో దారి పట్టింది. తొలి డైరెక్టర్ హెరాల్డ్ పియర్సన్ విదేశీ మొక్కల మోజు వదిలి, ఆ దేశపు మొక్కలకే తోటను అంకితం చేశాడు. వేసవి ఆదివారాల్లో అక్కడ పచ్చిక మీద సంగీత కచేరీలు జరుగుతాయి. పాట వినడానికి వచ్చినవారు తమ కొండల మొక్కల మధ్య కూర్చుంటారు. మన దేశంలో సీజన్‌వాచ్ కార్యక్రమం బడిపిల్లలనూ పెద్దలనూ ఒక చెట్టును ఎంచుకొని, చిగురు, పూత, కాయ ఎప్పుడు వచ్చాయో వారంవారం రాయమంటుంది. అలాంటి నమోదులు వాతావరణ మార్పును అంచనా వేయడానికి పనికొస్తాయి.

కాణి ఒప్పందం

ప్రజాసంబంధం అంటే వినోదమే కాదు, లెక్కలు తేల్చడం కూడా అని చూపించింది కేరళ. తిరువనంతపురం దగ్గర పాలోడులో 1979లో ఏర్పడిన ఉష్ణమండల ఉద్యాన, పరిశోధన సంస్థకు ఇప్పుడు నెహ్రూ పేరు ఉంది. 1987లో అగస్త్య కొండల్లో సర్వే చేస్తున్న పి. పుష్పాంగదన్ బృందం, వెంట వచ్చిన కాణి తెగవారు అలుపు లేకుండా నడవడం గమనించింది. వారు నములుతున్నవి ఆరోగ్యపచ్చ అనే మొక్క కాయలు. సంస్థ ఆ మొక్కతో జీవని అనే మందు రూపొందించి, 1990ల మధ్యలో కోయంబత్తూరు ఆర్య వైద్య ఫార్మసీకి తయారీ లైసెన్సు ఇచ్చింది. లైసెన్సు రుసుము 10 లక్షల రూపాయలు, అమ్మకాలపై 2 శాతం రాయల్టీ. ఇందులో సగం కాణి ప్రజలకు చెందాలని సంస్థ నిర్ణయించింది. అందుకోసం 1997లో వారి ట్రస్టు నమోదైంది.

ఇది ప్రపంచమంతా చెప్పుకునే ఉదాహరణ అయింది. 2002లో ఈక్వేటర్ పురస్కారం వచ్చింది. చిక్కులూ లేకపోలేదు. కాణి ఊళ్లన్నిటినీ మొదట సంప్రదించలేదన్న విమర్శ వచ్చింది. అడవి నుంచి ఆకు సేకరణపై అటవీశాఖ అభ్యంతరాలు లేవనెత్తింది. అయినా, జ్ఞానం ఇచ్చినవారికి రాబడిలో పాలు ఉండాలన్న మాటను చట్టం రాకముందే ఒక తోట ఆచరణలో పెట్టింది.

సమస్యలు

2017లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం ప్రపంచంలోని మొక్క జాతుల్లో కనీసం 30 శాతం ఉద్యానాల్లో ఉన్నాయి. లేనివాటిలో నాలుగింట మూడు వంతులు ఉష్ణమండలానివి. తోటలు ఎక్కువగా ఉన్నది చల్లని దేశాల్లో, మొక్కలు ఎక్కువగా ఉన్నది వేడి దేశాల్లో.

తోట నుంచే కీడు బయలుదేరిన సందర్భాలూ ఉన్నాయి. పూల అందం కోసం 19వ శతాబ్దం తొలినాళ్లలో కలకత్తా తోటకు తెచ్చిన లాంటానా, దేశంలోని అడవులను కమ్మేసింది. కొత్త మొక్కను లోపలికి రానిచ్చే ముందు బయటికి పారిపోతుందా అని చూడటం ఇప్పుడు డైరెక్టర్ పనుల్లో ఒకటి. ఇవికాక నగరాల మధ్య చిక్కిన తోటలకు నీటి కొరత, తుఫానులు, ఉదయపు నడకవారికీ పరిశోధకులకూ మధ్య హుకర్ నాటి తగవు తప్పవు.

తెలుగు నేలతో బంధం

భారత వృక్షశాస్త్రానికి పితామహుడనే రాక్స్‌బరో కలకత్తా వెళ్లేముందు 1781 నుంచి సామర్లకోటలో ఉన్నాడు. అక్కడ ప్రయోగాల తోట వేసి మిరియం, చెరకు, పట్టుపురుగుల మీద పరీక్షలు చేశాడు. ఆయన కోరమండల్ తీరపు మొక్కల గ్రంథం 300 బొమ్మలతో 1795 నుంచి 1820 వరకు మూడు సంపుటాలుగా వచ్చింది. అందులో మొక్కల తెలుగు పేర్లను జాగ్రత్తగా నమోదు చేశాడు. అద్దకపు ఎరుపునిచ్చే చిరివేరు సాగును, రంగు తీసే పద్ధతిని కూడా వివరించాడు. ఆ తెలివి ఆయనకు పుస్తకాల్లో దొరికింది కాదు. రైతులు, అద్దకంవారు, మన్యంవారు చెప్పింది. తరవాత వాల్టర్ ఇలియట్ ఉత్తర సర్కారు జిల్లాల తెలుగు మొక్కల పేర్లను శాస్త్రనామాలతో జోడించి 1859లో ఫ్లోరా ఆంధ్రికా ప్రచురించాడు.

నేడు హైదరాబాదు కొత్తగూడలో అటవీ అభివృద్ధి సంస్థ నడిపే కోట్ల విజయభాస్కరరెడ్డి బొటానికల్ గార్డెన్ 270 ఎకరాల పైచిలుకులో ఉంది. విశ్వవిద్యాలయాల తోటలు విడిగా ఉన్నాయి. శేషాచలం కొండల ఎర్రచందనం, తిరుమల ప్రాంతానికే పరిమితమైన సైకస్ బెడ్డోమై వంటివి కాపాడుకోవలసినవి.

జనాన్ని తోటకు రప్పించే దారులు కూడా ఇక్కడ సిద్ధంగా ఉన్నాయి. కొండపల్లి, నిర్మల్ బొమ్మలకు తెల్లపొణికి కావాలి, ఏటికొప్పాక లక్క బొమ్మలకు అంకుడు కావాలి. వినాయక చవితికి 21 రకాల పత్రి, బతుకమ్మకు తంగేడు, గునుగు కావాలి. ఈ చెట్ల కోసం వచ్చేవారు సందర్శకులే కాదు, ఆ మొక్కల గురించి తోటకు చెప్పగలిగినవారు కూడా.

జ్వరానికి బెరడు వాడే సోమిద చెట్టును రాక్స్‌బరో తెలుగు పేరుతో సహా నమోదు చేశాడు. తరవాత శాస్త్రజ్ఞులు ఆ పేరు నుంచే దాని ప్రజాతికి సోయ్‌మిడా అని నామకరణం చేశారు. ప్రపంచంలో ఏ తోటలో ఆ చెట్టుకు బిళ్ల కట్టినా, దాని మీద ఉండేది గోదావరి తీరపు మాటే. సొంత నేల మీది బిళ్లలో ఆ పేరు లాటిన్ రూపంలో మాత్రమే ఉంటే, చదివేవారికి అది తమ మాటని తెలియదు. దాని పక్కన సోమిద అని తెలుగులో రాయించడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.